పెదవి కదపని పాటలు

గత మాసంలో మా బంధువుల ఇంట ఒక వివాహానికి వెళ్ళాను. భోజనాలయ్యాక పందిట్లో కూర్చుని ఉండగా మా మేనల్లుని కుమారుడు వచ్చి పక్కన చేరాడు. సినిమా దర్శకుడు కావాలని హైదరాబాదులో శ్రమపడుతున్న కుర్రవాడు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. తాను తీసిన పాట ఒకటి ఫోనులో చూపించాడు. నాలుగు నిమిషాల పాట. అందులో నాయిక నడుస్తుంది, నవ్వుతుంది, కాఫీ త్రాగుతుంది, కిటికీలోంచి వాన చూస్తుంది. పాట మాత్రం ఎవరూ పాడరు. అది వెనుక ఎక్కడినుంచో వినిపిస్తూ ఉంటుంది.

"ఈ పాట ఎవరిది నాయనా?" అని అడిగాను.

"ఆమె మనసుది తాతయ్యా."

"మరి ఆ పిల్ల నోరు విప్పదేం?"

అతడు నవ్వాడు. "ఎవరో పాడినదానికి ఇంకెవరో పెదాలు కదపడం పచ్చి అబద్ధం తాతయ్యా. అసలు నిజజీవితంలో పాటలు పాడుకుంటూ ఎవరు తిరుగుతారు చెప్పండి? లిప్ సింక్ పాతబడిపోయింది. అందరూ వదిలేస్తున్నారు" అన్నాడు.

పెళ్ళిపందిరి వాదానికి తగిన చోటు కాదు గనుక ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అది ఆ కుర్రవాడొక్కడి అభిప్రాయమే అయితే ఇంత వ్రాయవలసిన పని లేదు. పదిమంది పెద్దలు కూడా ఇదే మాట అనడం విన్నాను. సంగీతం తెలిసినవారు అన్నారు, సాహిత్యం తెలిసినవారూ అన్నారు. కనుక పూర్వపక్షాన్ని న్యాయంగా ఎదుట పెట్టుకుని నా సమాధానం చెప్పుకుంటాను. ఆక్షేపణలు మూడు. పెదవి కలపడం అబద్ధం, అది అసహజం, అది పాతబడింది.

మొదటిది అబద్ధమన్న మాట.

మన లాక్షణికులు అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఈ నాలుగూ ఒకే దేహంలో ఉండాలన్న పట్టుదల మన దేశీయ కళల్లో ఎన్నడూ లేదు. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరమీద ఆడుతుంది, గొంతు తెరవెనుక పలుకుతుంది. రావణుడి గొంతు రావణుడి బొమ్మలోంచి రాలేదని కోపగించుకుని చాప చుట్టుకుని వెళ్ళిపోయిన ప్రేక్షకుణ్ణి నేను ఎరుగను. కూచిపూడి చూడండి. నట్టువాంగం పట్టినవారూ గాయకులూ పక్కన కూర్చుని పాడుతూ ఉంటే, నర్తకి ఆ సాహిత్యానికి పెదవి కలుపుతూ ఆడుతుంది. పాత్ర తానే పాడి, తానే మాట్లాడి, తానే ఆడిన యక్షగాన సంప్రదాయం నుంచి వచ్చిన నాట్యం గనుక, పాట పక్కవాద్యాల వైపు వెళ్ళిపోయినా పెదవి తన పని మానలేదు. ఆ పెదవిని చూసి ఇది మోసమని ఎవరంటారు? వాచికానికి అది ఆంగికం చేసే నమస్కారం.

సినిమాలోకి వద్దాం. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చిననాడు నటులు తమ పాటలు తామే పాడుకున్నారు. గత్యంతరం లేదు. పాటా చిత్రీకరణా ఒకేసారి జరగాలి. వాద్యకారులు కెమెరాకు కనపడకుండా దాపున నిలబడి వాయించాలి. కనుక పాట వచ్చినవాడికే వేషం. 1935లో కలకత్తాలో న్యూ థియేటర్స్ వారు 'ధూప్ ఛావ్' చిత్రంలో నేపథ్యగానాన్ని ప్రవేశపెట్టారు. ఆ పద్ధతి మనకూ వచ్చింది. అంతటితో పాడగలిగినవారు నటించడం మానలేదు. నాగయ్యగారు 'త్యాగయ్య'లో, 'యోగి వేమన'లో పాడుకున్నారు. భానుమతిగారు 'మల్లీశ్వరి'లో పాడుకున్నారు. పాడలేని గొప్ప నటులకు, నటించని గొప్ప గాయకులకు కూడా తోవ ఏర్పడింది, అంతే. ఆ తోవ లేకపోతే ఘంటసాల గొంతు రామారావుగారి ముఖాన్నీ నాగేశ్వరరావుగారి ముఖాన్నీ చేరేది కాదు. గొంతు ఒక్కటే. కాని ఒకరి పెదవిమీద అది ఒక మనిషి, మరొకరి పెదవిమీద ఇంకొక మనిషి. ఇది అబద్ధమైతే ఇంత చక్కని అబద్ధం నాకు మరొకటి తెలియదు.

అబద్ధం ఎక్కడ ఉంటుందో చెప్తాను. 1949లో వచ్చిన 'మహల్' అనే హిందీ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాట గ్రామఫోను రికార్డుమీద గాయని పేరు 'కామిని' అని వేశారు. కామిని ఆ సినిమాలో పాత్ర పేరు. పాడిన మనిషి ఎవరన్నది రికార్డు చెప్పలేదు. అది అబద్ధం. అమెరికాలో 'మిల్లీ వనిల్లీ' అనే ఇద్దరు యువకులకు 1990 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం ఇచ్చి, వారి రికార్డులో పాడినవారు వేరెవరో అని బయటపడగానే అదే ఏడు నవంబరులో వెనక్కు తీసుకున్నారు. అదీ అబద్ధమే. ఈ రెండు చోట్లా దోషం పెదవిది కాదు, పేరుది. పాడినవాడి పేరు దాచిపెట్టడం మోసం. పాడినవాడి పేరు చెప్పి, పెదవి కలిపినవాడి ముఖం చూపించడం కళ. మన తెరమీద 'నేపథ్యగానం' అని పేర్లు వేస్తారు, రేడియోలో పాటకు ముందు గాయకుల పేర్లు చదువుతారు. శ్రోతకు తెలియనిదేమిటి? సభలో డబ్బు పుచ్చుకుని, ఇప్పుడే పాడుతున్నట్టు నమ్మించి, వెనుక రికార్డు తిప్పుకునే గాయకుణ్ణి మోసగాడనండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. అతడు ఇచ్చిన మాట వేరు, చేసిన పని వేరు. తెర మనకు ఎన్నడూ ఆ మాట ఇవ్వలేదు.

ఇక అసహజమన్న మాట. నిజజీవితంలో ఎవరు పాడతారని గదా ప్రశ్న. నిజజీవితంలో ఎవరు సీసపద్యంలో మాట్లాడతారు? రాయబారానికి వెళ్ళినవాడు ఎవడు యతిప్రాసలు చూసుకుంటాడు? కళలో సహజమంటే వీధిలో జరిగినట్టు జరగడం కాదు. దాని నియమంలో అది నిజంగా ఉండడం. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు విందు ముందు కూర్చుని పాడే పాట తలచుకోండి. పాడినవారు మాధవపెద్ది సత్యం, పెదవి కలిపినవారు రంగారావుగారు. ఆ నోరు, ఆ నవ్వు, ఆ బుగ్గల కదలిక పాటలోనివే తప్ప పాటకు అంటించినవి కావు. అదే చిత్రంలో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి పాట ఉన్నది. పాడినది సుశీలగారు, నడుమ తొంగిచూసే మగగొంతు ఘంటసాలవారిది. ఆ రెండు గొంతులనూ సావిత్రి ఒక్క పెదవిమీద నిలబెట్టింది. ఆడపిల్ల సిగ్గులోంచి రాక్షసుడు ఎప్పుడు బయటపడ్డాడో ఆ పెదవి విరుపే చెప్తుంది. ఆ పాటను వెనుక వినిపిస్తూ శశిరేఖను కిటికీ దగ్గర నిలబెడితే ఏం మిగులుతుంది?

1980లో 'శంకరాభరణం' వచ్చింది. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, రంగస్థల నటుడు, గాయకుడు కారు. పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖతః ఏళ్ళతరబడి అభ్యసించినవారు కారు. శాస్త్రం కూలంకషంగా అభ్యసించని గాయకుడు, పాటే పాడని నటుడు. ఈ ఇద్దరి మధ్య శంకరశాస్త్రి అనే విద్వాంసుడు పుట్టాడు. అప్పుడు సంగీతం తెలిసినవారు కూడా ఆ ముఖం చూసి లేచి నమస్కరించారంటే, స్వరానికీ పెదవికీ మధ్య వెంట్రుకవాసి ఎడం కనపడకపోవడం వల్లనే. అది నటుడు చేసిన సంగీత సాధన. చెవితో నేర్చి నోటితో దాచుకోవడం.

గాయకుడి వైపునుంచి కూడా ఈ సాధన ఉంది. 1976లో వచ్చిన 'మనుషులంతా ఒక్కటే' చిత్రంలో అల్లు రామలింగయ్యగారికి బాలసుబ్రహ్మణ్యంగారు పాడిన పాట వినండి. కళ్ళు మూసుకుని విన్నా అల్లువారి నోరే కనపడుతుంది. అంటే పెదవి గొంతును అనుసరించడమే కాదు, గొంతు కూడా పెదవిని ముందే ఊహించుకుని పుడుతుందన్నమాట. నోరు విప్పని మనిషికి పాడవలసివస్తే ఏ గాయకుడు ఎవరిని ఊహించుకుంటాడు? ఈనాటి పాటల్లో గొంతులన్నీ ఒక్కలాగే ఉన్నాయని విసుక్కునేవారు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

అయితే ఆ కుర్రవాడి మనసులో ఈ విముఖత ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అక్కడ అతడితో నాకు పేచీ లేదు. ఈనాడు పెదవి కలిపే తీరు చూస్తే ఎవరికైనా విముఖత కలుగుతుంది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. పాత అలవాటు, మన్నించాలి. వర్ణోత్పత్తి స్థానాల్లో పెదవి ఒకటి. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు. పెదవులు రెండూ కలవనిదే ఇవి పుట్టవు. ఉ, ఊ పలకాలంటే పెదవులు గుండ్రనవుతాయి. 'వ' దంతోష్ఠ్యం, కింది పెదవి పైపంటిని తాకాలి. 'ఓ' కంఠోష్ఠ్యం. తక్కిన అక్షరాలు నోటిలోపల ఎక్కడో పుడతాయి, చూసేవాడికి అంతగా కనపడవు. ఓష్ఠ్యాలు మాత్రం ముఖంమీద పుడతాయి. కంటికి కనపడే అక్షరాలివి. నటుడు పాడుతున్నాడా లేదా అన్నది ప్రేక్షకుడు వీటిని బట్టే పట్టుకుంటాడు. వ్యాకరణం ఒక్క ముక్క చదవని పసివాడు కూడా పట్టుకుంటాడు.

పూర్వం మన కవులు ఈ అక్షరాలను వదిలిపెట్టి రచన చేయడాన్ని ఒక చిత్రవిద్యగా సాధించారు. దాన్ని నిరోష్ఠ్యం అంటారు. దండి 'దశకుమారచరితం'లో మంత్రగుప్తుడి పెదవి ప్రియురాలి దంతక్షతంతో నొప్పిపెడుతూ ఉంటుంది. అందుచేత అతడు తన కథనంతా ఓష్ఠ్యాలు లేకుండా చెప్తాడు. మన తెలుగులో మరింగంటి సింగరాచార్యులవారు నిరోష్ఠ్యంగా ఒక రామకథే వ్రాశారు. దాని పేరు 'దశరథరాజనందన చరిత్ర'. రామ శబ్దంలో మకారం ఉంది గదా! రాముడి కథ చెప్తూ రాముడి పేరే పలకరాని చిక్కు. ఆ పేరు ఒకసారి పైకి చదివి చూడండి, పెదవులు ఒక్కచోట కూడా కలవవు.

ఈనాటి నటీనటులు ఆ మహాకవుల కష్టం లేకుండానే ప్రతి పాటనూ నిరోష్ఠ్యం చేస్తున్నారు! కవి 'మ' వ్రాశాడు, గాయని 'మ' పాడింది, తెరమీద పెదవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. ప్రేమ అంటే నోరు మూయరు, పువ్వు అంటే గుండ్రన చేయరు. తెలుగు రాని నాయికను తేవడం తప్పని నేననను. ఏ భాషవారైనా రావచ్చు, మన గొప్ప గాయనీమణుల్లో తెలుగు మాతృభాష కానివారు లేరా? వాణీ జయరాంగారు ఎక్కడివారు? కాని ఆమె తెలుగు అక్షరాన్ని తప్పు పలికితే విన్నవారు చెప్పండి! భాష రాకపోవడం దోషం కాదు, నేర్చుకోకపోవడం దోషం. నేర్పకపోవడం అంతకంటె పెద్ద దోషం.

సెట్టుమీద పాట తీసే పద్ధతి తెలిసినవారికి ఇందులో ఎంత శ్రద్ధ కావాలో తెలుసు. ముందుగా రికార్డు చేసిన పాటను పెద్ద స్పీకర్లలో వినిపిస్తూ ముక్కలు ముక్కలుగా తీస్తారు. దృశ్యం నెమ్మదిగా సాగాలంటే కెమెరాను సెకనుకు 24 ఫ్రేములకు బదులు 48 ఫ్రేముల వేగంతో నడుపుతారు. అప్పుడు పాటను కూడా రెట్టింపు వేగంతో వినిపించాలి. నటులు ఆ కీచుగొంతుకే అంత వేగంగానూ పెదవి కలపాలి. తెరమీద నడక తేలిపోతూ ఉంటుంది, పెదవి మాత్రం పాటతో సరిగ్గా కలుస్తుంది. ఇంత లెక్క వేసుకుని పనిచేసిన సాంకేతికులు మనకు ఉన్నారు. నృత్యంలో కాలు ఒక్క మాత్ర తప్పితే మళ్ళీ తీస్తారు. జుట్టు చెదిరితే మళ్ళీ తీస్తారు. అక్షరం తప్పితే మాత్రం ఎవరూ తియ్యరు. కెమెరాను దూరానికి జరుపుతారు, లేదా నాయికను అటు తిరగమంటారు. తెలుగు పాటలో తెలుగు ఒక్కటే మళ్ళీ తీయనక్కరలేని వస్తువైపోయింది.

మా మనవడు ఒకనాడు కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బృందం వారి పాట చూపించాడు. 2002 నాటిది, 'ద సైంటిస్ట్' అని పేరు. అందులో కథ వెనక్కు నడుస్తుంది. మనిషి వెనక్కు నడుస్తాడు, పగిలిన అద్దం అతుక్కుంటుంది. కాని గాయకుడి పెదవి మాత్రం పాటతో ముందుకే నడుస్తుంది. అదెలా సాధ్యమని అడిగాను. చిత్రాన్ని వెనక్కు తిప్పినప్పుడు పెదవి సరిపోవాలని, ఆ గాయకుడు తన పాటనంతా తిరగేసి పలకడం సాధన చేసి నేర్చుకున్నాడట. తన భాషను తలక్రిందులుగా నేర్చుకున్నాడు, నాలుగు నిమిషాల పాటకోసం! మనవారు తిన్నగా నేర్చుకోవడం కష్టమంటున్నారు.

మన దగ్గర ఆ శ్రమ ఎవరూ పడలేదా అంటే, పడ్డవారున్నారు. వారి పేర్లు ఎవరూ తలచుకోరు. పరభాషా చిత్రాలకు తెలుగు పాటలు వ్రాసిన కవులు వారు. 1950లో వచ్చిన 'ఆహుతి' తెలుగులోకి అనువదింపబడిన తొలి చిత్రం. దానికి మాటలూ పాటలూ వ్రాసినది శ్రీశ్రీ. మహాప్రస్థానం వ్రాసిన చేయి, తెరమీద ఎవరిదో పెదవి ఎక్కడ మూసుకుందో చూసుకుంటూ అక్కడ పకారమో మకారమో వెతుక్కుంది. తరువాత రాజశ్రీ ఆ విద్యలో ఆరితేరారు. 1992 నాటి 'రోజా' తెలుగు పాటలు ఆయనవే. బాణీ మారకూడదు, అర్థం చెడకూడదు, తెలుగుదనం పోకూడదు, పైగా పెదవి కలవాలి. నాలుగు కాళ్ళకూ నాలుగు సంకెళ్ళు వేసి నాట్యం చేయమన్నట్టు. అయినా చేశారు. పెదవికోసం పదాన్ని దిద్దుకున్న కవులున్న భాషలో, పదంకోసం పెదవిని దిద్దుకునే నటులు కరవవడం ఎంత చోద్యం!

మూడవ ఆక్షేపణ, పాతబడిందన్నది. దీనికి సమాధానం నేను చెప్పనక్కరలేదు, ఊళ్ళో పిల్లలే చెప్తున్నారు. ఫోనులోకి టిక్‌టాక్ వచ్చిననాడు వాళ్ళు చేసిన మొదటి పని ఏమిటి? పాటకూ మాటకూ పెదవి కలపడం. 2020 జూన్‌లో మన ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, అదే పని మరొకచోట కొనసాగిస్తున్నారు. పొలంగట్టుమీద అమ్మాయి, ఆటోలో అబ్బాయి, వంటింట్లో అమ్మమ్మ. ఎవరూ నేర్పలేదు. వాళ్ళలో చాలామంది అక్షరం తప్పకుండా పెదవి కలుపుతారు. కలవకపోతే చెరిపేసి మళ్ళీ తీసుకుంటారు. లక్షలమంది జనం ఇష్టపడి చేస్తున్న పనిని వృత్తికళాకారులు పాతబడిందని వదిలేయడం నాకు అర్థం కాదు. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కారు వచ్చింది. చంద్రబోస్ సాహిత్యం, కీరవాణి సంగీతం. ఆ పాటలో ఇద్దరు నాయకులు కాళ్ళు విరిగేలా ఆడుతూ కూడా పెదవి వదలలేదు. ఉత్సవసభలో మాత్రం దాన్ని పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదికమీద నిలబడి పాడారు. తెరమీద ఆడినవారికీ గౌరవం దక్కింది, గొంతు ఇచ్చినవారికీ గౌరవం దక్కింది. తెలుగు రాని దేశాలవారు ఆ రెండక్షరాల మాటను పెదవి కలిపి పాడుకున్నారు. ఇందులో పాతబడినదేమిటి?

ఇంతవరకూ వాదం. ఈ వ్యాసం నాచేత వ్రాయించిన అసలు కారణం వేరే ఉంది.

1990 ప్రాంతాల్లో నేను కృష్ణాజిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో పనిచేస్తూ ఉండగా ఎనిమిదవ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పుట్టుకతో చెవుడు. పెద్ద చప్పుళ్ళు మాత్రం లీలగా వినపడేవి. నా పెదవి చూసి పాఠం గ్రహించేది. ఈ సంగతి నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. నేను నల్లబల్లవైపు తిరిగి పద్యం చదివినప్పుడల్లా ఆ పిల్లకు పాఠం ఆగిపోయేది. తెలిసిననాటినుంచి పదవీ విరమణ దాకా తరగతికి వీపు చూపి పద్యం చదవలేదు.

శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి వచ్చేది. ఊళ్ళో టీవీ ఉన్న ఇంటి అరుగంతా జనమే. ఆ అమ్మాయి ముందువరుసలో కూర్చునేది. శనివారం ఉదయం నా దగ్గరకు పుస్తకం పట్టుకుని వచ్చేది. ముందురాత్రి పాటలో తాను చూసిన మాటలు వ్రాసుకుని, మధ్యలో ఖాళీలు వదిలి తెచ్చేది. ఒకనాడు ఒకే ఖాళీలో మూడు మాటలు వ్రాసింది. పాట, బాట, మాట. "మూడూ ఒకలాగే ఉన్నాయి మాస్టారూ, ఏది?" అని అడిగింది.

నేను భాషాప్రవీణ చదివాను. ఓష్ఠ్యాలను గురించి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. చూసేవారికి ప, బ, మ మూడూ ఒక్క అక్షరమేనన్న సంగతి మాత్రం ఆనాడు ఆ పిల్ల చెప్తే తెలిసింది. అద్దం ముందు నిలబడి పలికి చూడండి, మీకూ తెలుస్తుంది. ముందు వెనుకల మాటలు చూసుకుని ఏది పొసగుతుందో తేల్చుకోవాలని చెప్పాను. అలా ఆ అమ్మాయి పాటలతోనే అన్వయం నేర్చుకుంది. చెవితో వినే నా విద్యార్థుల్లో చాలామందికంటె బాగా నేర్చుకుంది.

రెండేళ్ళ క్రితం గుడివాడ బస్టాండులో కనపడింది. వెంట కాలేజీలో చదివే కూతురు. నన్ను ముందుగా గుర్తుపట్టినది ఆమే. కుశలప్రశ్నలయ్యాక, ఇప్పుడూ పాటలు చూస్తున్నావా అమ్మా అని, ముఖం ఎదురుగా పెట్టి నెమ్మదిగా అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు పాటల్లో ఎవరూ మాట్లాడడం లేదు మాస్టారూ. ఊరికే తిరుగుతున్నారు."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

పాట సాహిత్యాన్ని తెరమీద అక్షరాల్లో చూపించే లిరికల్ వీడియోలు ఉన్నాయి గదా అని మీరు అనవచ్చు. నేనూ అదే అన్నాను. కూతురు నవ్వి ఫోను తీసి ఒకటి చూపించింది. తెలుగు పాట, ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివిన ఆ తల్లికి ఆ అక్షరాలు కూడబలుక్కోవలసినవే. కూడబలుక్కునే లోపల పాట దాటిపోతుంది. తెలుగు లిపిలో వేసేవారూ కొందరున్నారు. వారికి నా నమస్కారాలు. అయినా అక్షరం అక్షరమే, ముఖం ముఖమే. ఉత్తరం చదువుకోవడమూ మనిషి ఎదుట నిలబడి మాట్లాడడమూ ఒకటి కావు. వినపడని ఆ తల్లికి పాట అంటే తనతో మాట్లాడే ఒక ముఖం. ఆ ముఖాన్ని మనం అటు తిప్పేశాం. నేను నల్లబల్లవైపు తిరిగినట్టే.

నేపథ్యంలో సాగే పాటలు అసలే ఉండరాదని నేననడం లేదు. ప్రయాణాలకూ, కాలం గడిచిందని చెప్పడానికీ, మరణాలకూ అవి పూర్వమూ ఉన్నాయి, వాటి చోట అవి శోభిస్తాయి. పెదవి కలపడం చేతకాక దానికి సహజత్వమని పేరు పెట్టుకోవడం మీదనే నా తగవు. నేను కోరేది కోట్లు ఖర్చయ్యే పని కూడా కాదు. పాట తీయడానికి ముందు ఒక్క పూట, తెలుగు తెలిసిన మనిషి ఒకరు నటుల ఎదుట కూర్చుని, ఆ పాటను అర్థం చెప్పి, అక్షరం అక్షరం పలికించాలి. పెదవులు ఎక్కడ కలవాలో, ఎక్కడ గుండ్రనవ్వాలో చూపించాలి. మాత్ర తప్పితే మళ్ళీ తీసినట్టే అక్షరం తప్పితే మళ్ళీ తీయాలి. లిరికల్ వీడియోలో తెలుగు పాటకు తెలుగు లిపి వేయాలి. ఇంతే. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు ఊరికొకరు ఖాళీగానే ఉన్నారు. పిలిస్తే దారిఖర్చులు పెట్టుకుని వస్తారు.

నాయనా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నీ పాట బాగానే ఉంది. వాన బాగుంది, వెలుతురు బాగుంది, గాయని గొంతు బాగుంది. వచ్చే పాటలో ఆ పిల్లను ఒక్క పల్లవికైనా కిటికీ దగ్గరనుంచి ఇటు తిప్పు. కెమెరాను దగ్గరకు తెచ్చి, అక్షరాలు నేర్పి, నోరు విప్పి పాడమను. వినపడనివారు కూడా నీ పాటకు వస్తారు. వాళ్ళు ముందువరుసలోనే కూర్చుంటారు.

స్వస్తి.